ఎడమ బుగ్గ మీది మచ్చ కోసం ఆళ్లగడ్డకు

ఆత్మకూరు నుంచి ఆళ్లగడ్డకు పోవాలనుకునేవాళ్లు నేరుగా పోయే బస్సు కోసం కాచుకుని కూర్చోవద్దు. నంద్యాల దాకా ఏది వస్తే అది ఎక్కి, అక్కడ మారడం మేలు. నేను గురువారం పొద్దున ఆరు గంటల బస్సు పట్టుకున్నాను. డ్రైవరు వెనక రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ పక్కసీటు మీద సంచి పెట్టాను. రూతమ్మ ఎక్కేదాకా ఆమెకు సీటు పట్టడం ఎప్పుడూ నా పనే. కండక్టరు వచ్చి "సంచి తీయన్నా, మనుషులు నిలబడుకోనుండారు" అంటే గాని తీయలేదు.

రూతమ్మ నా భార్య. సైన్సు టీచరు. పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు సమాధుల తోటలో ఆమె తలాపున నిలబెట్టడానికి ఒక నల్లరాయి చెక్కిస్తున్నాను. కింద పేరు, పైన ఆమె మొహం. పని అయిపోయిందనీ, నేను చూసి సరేనంటే శనివారం బండిలో పంపుతాననీ ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి ఫోను చేశాడు. నేను టైలరును. ఆడవాళ్ల జాకెట్లు కుడతాను. రాయి గురించి నాకేం తెలుసు? అయినా మొహం నా భార్యది, చూడాల్సింది నేనే కదా.

వెలుగోడు దగ్గర చెరువు నీళ్ల మీద ఎండ పడింది. నా పక్కన ఒక రైతు, ఒళ్లో మిరపకాయల సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నల్లమల మీదుగా వస్తున్న సూర్యుణ్ని చూపించి నేనే మాట కలిపాను.

"ఈ ఎండ సూర్యుని కాడ బయల్దేరి ఎనిమిది నిమిషాలయిందప్పా. ఇప్పటికిప్పుడు సూర్యుడు ఆరిపోయినా, ఎనిమిది నిమిషాల దాకా మనకు తెలియదు."

ఆయన ఒళ్లోని సంచి తడుముకున్నాడు. "ఆరిపోతే కాయలు యాడ ఎండేసుకోవాల?" అని కళ్లు మూసుకున్నాడు.

నాకు కోపం రాలేదు. నేనూ అలాగే ఉండేవాణ్ని. రూతమ్మ పొద్దున్నే టీ గ్లాసు మిషను మీద పెట్టి రోజుకొక సంగతి చెప్పేది. మన నెత్తుటిలోని ఇనుము ఎప్పుడో నక్షత్రాల కడుపులో తయారైందట. బనగానపల్లె పక్క నాపరాళ్ల గనులున్నచోట కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఉండేదట. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరకు రక్తనాళాలే ఉండవట, అది గాలిలోంచే ప్రాణవాయువు తీసుకుంటుందట. నేను మిషను తొక్కుతూ "ఆఁ" అనేవాణ్ని. ఒక్కోరోజు "అయితే ఏందిప్పుడు?" అనేవాణ్ని. ఆమె నవ్వి బడికి పోయేది. ఇంట్లో పేరుకునే దుమ్ములో మన ఒంటి నుంచి రాలిన చర్మం కూడా కొంత ఉంటుందని ఒకసారి చెప్పింది. ఆమె పోయాక మంచం కింద చాలా రోజులు ఊడవలేదు. ఊడవబుద్ధి కాలేదు.

నంద్యాలలో దిగేసరికి ఎనిమిది దాటింది. బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. వేడిగా బాగున్నాయి, మీరూ తినొచ్చు. మిరపకాయ మంట అసలు రుచే కాదట, నాలుక మోసపోయి ఒళ్లు కాలుతోందని తలకు కబురు పంపుతుందట. ఇదీ రూతమ్మ చెప్పిందే. నాకు తెలియకుండానే పైకి అనేశానేమో, వడ్డించేవాడు వచ్చి "నీళ్లు కావాల్నా పెద్దాయనా?" అన్నాడు. నాలో నేను మాట్లాడుకోవడం ఈ మధ్య ఎక్కువైంది.

ఆళ్లగడ్డకు గంట పైన ప్రయాణం. శిరివెళ్ల మీదుగా పోతుంది. ఈసారి పక్కన నామం పెట్టుకున్న పడుచు అర్చకుడు కూర్చున్నాడు. అహోబిలం పోతున్నాడు. ఇంకోసారి చూద్దామని మొదలుపెట్టాను.

"స్వామీ, శుక్రుని మీద ఏడాది కన్నా రోజే పెద్దది. సూర్యుని చుట్టూ తిరిగేది తొందరగా అయిపోతాది గానీ, తన చుట్టూ తాను తిరిగేదానికి అంతకన్నా ఎక్కువ పడతాది."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "అట్లయితే ఆడ ఏకాదశి ఉపాసం పట్టినోని గతేం కావాలన్నా?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఏడాది కాలంలో నేను అంతగా నవ్వింది అప్పుడే. సాయంత్రం ఇంటికి పోయి ఈ మాట రూతమ్మకు చెప్పాలి అనుకున్నాను. అనుకున్న తర్వాత గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డలో శిల్పుల కొట్లు వెతుక్కోనక్కర్లేదు, ఉలి చప్పుడే దారి చెబుతుంది. రేకుల కింద దేవుళ్లు, నాయకులు, మొహం ఇంకా తేలని బండలు పక్కపక్కనే నిలబడి ఉంటారు. వీరాచారిది నా వయసే. కనుబొమల మీద కూడా రాతి పొడి. గోనెపట్ట తీసి, మొహం బాగా తేలాలని చెంబుతో నీళ్లు చల్లాడు.

రూతమ్మే. ఆ నవ్వూ, ఆ గడ్డమూ ఆమెవే. కానీ ఏదో తేడాగా ఉంది. ఆమెను ఎవరో పక్కింటావిడ అనుకరిస్తున్నట్టు ఉంది. రెండోసారి నీళ్లు చల్లాక తెలిసింది. రూతమ్మకు కంది గింజంత మచ్చ ఎడమ బుగ్గ మీద ఉంటుంది. రాతి మీద కుడి బుగ్గ మీద ఉంది.

"మచ్చ ఈ పక్క కాదు" అన్నాను.

వీరాచారి ఫోను తీసి నేను పంపిన ఫోటో చూపించాడు. కొత్త ఫోను కొన్నరోజు రూతమ్మ చెయ్యి చాపి తన ఫోటో తానే తీసుకున్నది. అందులో మచ్చ కుడివైపే ఉంది. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అద్దంలో కనిపించినట్టే, ఎడమ కుడి మార్చి దాచుకుంటాయి. నేను ఆ నవ్వు చూసి పంపాను గానీ మచ్చ ఎటుందో చూడలేదు.

"పైట గూడా కుడి భుజం మీద ఉండె" అన్నాడాయన. "మనోళ్లు యాడ ఏసుకుంటారప్పా అట్ల? ఇదేదో ఫోటో తప్పని పైటొకటి ఎడమకు మార్చినా. మచ్చ సంగతి నాకు తట్టలే."

జాకెట్లు కుట్టేవాణ్ని, పైట ఎటుందో కూడా నేను చూసుకోలేదు. ఆయన్ను ఏమనను?

"ఇప్పుడెట్ల చేద్దాం?"

"గీకేయమంటే ఇప్పుడే గీకేస్తా. ఎడమ బుగ్గ మీదికి తెమ్మంటే మాత్రం నాతో కాదు. రాయిలో నుంచి తీసేదే గానీ, రాయికి పెట్టేది లేదప్పా. లేదంటే ఇంకో రాయి పట్టాల. నెల పడతాది."

ఆదివారానికి ఆమె బడి పిల్లలంతా వస్తారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు, చర్చివాళ్లు. వేరే మొహం పెట్టించావేందని అడిగితే ఏం చెప్పాలి? గీకేయమందామని నోటిదాకా వచ్చింది. మచ్చ లేని రూతమ్మను తలుచుకుని ఆగిపోయాను. టీ తాగొస్తానని రోడ్డు మీదికి వచ్చేశాను.

టీ కొట్టు పక్కన మంగలి షాపు. అద్దం ముందు ఒకాయన మీసం దువ్వుకుంటున్నాడు. మా అంగట్లోనూ నిలువుటద్దం ఉంది. బడికి పోయే ముందు రూతమ్మ అందులోనే తల దువ్వుకునేది. ఒకరోజు దువ్వెన ఆపి, "నా మొహం నేను ఇంతవరకు చూసుకోలేదు, తెలుసా నీకు?" అంది. "అద్దంలో ఉండేది ఎడమ కుడి మారిన మొహం. అసలుది మీరందరూ చూస్తారు, నేను తప్ప."

"నేను చూస్తాండా లే, చాలు" అన్నాను మిషను ఆపకుండా.

మంగలిని అడిగి చేతి అద్దం తీసుకుని వెనక్కి వచ్చాను. వీరాచారి వింతగా చూస్తుంటే, రాయికి వీపు పెట్టి అద్దం ఎత్తి పట్టుకున్నాను. అద్దంలో మచ్చ ఎడమ బుగ్గ మీదికి వచ్చింది. నాకు తెలిసిన రూతమ్మ నా భుజం పక్క నుంచి నవ్వుతోంది. ఏడుపు ఆగలేదు. ఆయన చూపు తిప్పుకుని ఉలి తుడుచుకున్నాడు.

కాసేపటికి అద్దం దించి రాయి వైపు తిరిగాను. మళ్లీ కుడి బుగ్గ. కానీ ఇప్పుడది ఎవరి మొహమో తెలిసింది. దువ్వెన పట్టుకుని ఆమె ప్రతిరోజూ చూసుకున్న మొహం. తనది ఇదే అని ఆమె అనుకున్న మొహం. ఇన్నేళ్ల కాపురంలో నేనెప్పుడూ చూడనిది.

"మచ్చ ముట్టుకోవద్దు" అన్నాను. "అట్లనే పంపు."

"జనాలు అడిగితే?"

"నేను చెప్పుకుంటా."

సాయంత్రం నాలుగింటికి ఆళ్లగడ్డలో బయల్దేరి, నంద్యాలలో ఆత్మకూరు బస్సు అందుకున్నాను. మీరెవరైనా ఇలాంటి పని మీద పోతే, ఫోటో పంపే ముందు పైట ఎటుందో చూసుకోండి. మగవాళ్లదైతే చొక్కా జేబు చూడండి. శిల్పులు మంచివాళ్లు, మీరిచ్చిందే చెక్కుతారు.

వెలుగోడు దాటాక చీకటి పడింది. బస్సులో లైటు వేయగానే కిటికీలో నా మొహం కనిపించింది, ఎడమ కుడి మారి. పక్కసీటు ఖాళీ. సంచి అక్కడే పెట్టాను. జనం లేరు, కండక్టరు ఏమీ అనలేదు.

ఇన్నేళ్లూ సంగతులన్నీ ఆమెవే. ఈరోజు మొట్టమొదటిసారి నాకంటూ ఒకటి దొరికింది: నీ మొహం చూశాను రూతమ్మా, నువ్వు చూసుకున్నది. మిషను మీద టీ పెట్టి చెప్పాల్సిన సంగతి. "ఆఁ" అనడానికి మనిషి లేదు.