అమావాస్య నాడు ఆడిన మగ్గాలు

1977లో నేను ధర్మవరంలో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. అంతకు ముందు అదే ఊళ్ళో, నేతపేట నడిమధ్యన ఉన్న ప్రైమరీ స్కూల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. పేటలో ఏ ఇంట్లో చూసినా నేలగుంటలో దిగి నేసే గుంటమగ్గమే. ఆ చప్పుడులో గొంతు పెంచి పాఠం చెప్పడం అలవాటైపోయి, ఇంట్లో కూడా అలాగే అరుస్తానని మా ఆవిడ ఇప్పటికీ సణుగుతుంది.

మా వృత్తిలో అడ్మిషన్ రిజిస్టర్ అని ఒకటుంటుంది. బడిలో చేరే ప్రతి పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో రాస్తాం. అక్కడ పడ్డ తేదీ మనిషిని పింఛను దాకా వదలదు. ఒకటో తరగతికి అయిదేళ్ళు నిండాలని రూలు. తల్లిదండ్రులకేమో తేదీలు తెలియవు. కరువొచ్చిన ఏడాది అంటారు, పెద్దమ్మ చచ్చిపోయిన నెలంటారు. అందుకని మేమొక సులువు పెట్టుకున్నాం. పిల్లని కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమంటాం. చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టే. పుట్టిన తేదీ జూన్ ఒకటి అని రాసేస్తాం. మా పేటలో సగం మంది జూన్ ఒకటో తేదీనే పుట్టారు. దీన్ని మేము పిల్లలకు చేసే ఉపకారం అనుకునేవాళ్ళం.

1968లో నాగరత్నను బడిలో చేర్చింది నేనే. తండ్రి ఓబులేసు కూలికి చీరలు నేసేవాడు. తల్లి గడప దగ్గరే నిలబడి, "సార్, ఈ పాప చిత్రావతి ఏరు పారిన పొద్దు..." అని ఏదో మొదలుపెట్టింది. వెనక ఇంకో పదిమంది పిల్లలు కాచుకుని ఉన్నారు. "సరేలేమ్మా" అన్నాను. పిల్ల మెడ వంచి, వేళ్ళు సాగదీసి, ఎలాగో చెవి కొస తాకింది. 1-6-1963 అని రాసి తరవాతి పిల్లను పిలిచాను.

తొమ్మిదేళ్ళ తరవాత ఆ పిల్ల హైస్కూల్లో నా దగ్గరే పదో తరగతి. తొమ్మిదిలో ఉండగానే సైన్సు ప్రదర్శనకు ఒక చెక్క మీద చిన్న చిన్న బల్బులు బిగించి, మగ్గం మీద వాడే బెజ్జాల అట్టలు పట్టుకొచ్చింది. కొంగు మీద నెమలి రావాలంటే ఏ దారం లేవాలో, ఏది లేవకూడదో మగ్గానికి చెప్పేవి ఆ అట్టలే. అట్ట తోసిన కొద్దీ చెక్క మీద దీపాలతో నెమలి వెలుగుతోంది.

"ఇది ఎవరు నేర్పించారే నీకు?"

"ఎవురు నేర్పిస్తారు సార్, మా నాయన మగ్గం చూస్తాండా గదా. అట్టలో బొక్క ఉంటే దారం లేస్తాది, లేకుంటే లేదు. దీపమూ అంతే."

ఆ చెక్క అనంతపురంలో గెలిచింది, హైదరాబాదులో గెలిచింది. జపాన్‌లో పిల్లల విజ్ఞాన శిబిరానికి ఎంపికయిందని జులైలో ఉత్తరం వచ్చింది. అక్కడి ఖర్చు వాళ్ళదే. విమానం చార్జీలో సగం, నాలుగు వేల రూపాయలు, మేము కట్టాలి. ఓబులేసు ఉత్తరాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయాడు.

"నాలుగు వేలంటే యాడ తెచ్చేది సార్? నా ఇల్లు, మగ్గం, నన్నూ కలిపి అమ్మినా అంత పలకము."

చందా పుస్తకం పట్టుకుని నేనే బయల్దేరాను. అంగడి అంగడికీ తిరిగాను. "ఆడపిల్ల జపానుకు పోయి ఏం చేస్తాదప్పా? చీరలు ఈడనే నేస్తాండాము గదా" అని ఒక పట్టుచీరల షావుకారు నవ్వాడు. నవ్వి యాభై ఇచ్చాడు, పాపం. నెల తిరిగినా వెయ్యి దాటలేదు.

అప్పుడు పేట పెద్ద వెంకటప్ప అందరినీ చౌడమ్మ గుడి ముందు కూర్చోబెట్టాడు. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. తాతల నాటి కట్టుబాటు అది. పెళ్ళి చీర ఆగిపోయినా సరే, ఆ రోజు గుంటలోకి దిగరు. వెంకటప్ప ఆ కట్టుబాటు మీదే చెయ్యి వేశాడు.

"మన పేటలో నాలుగు నూర్ల మగ్గాలుండాయి. అమాస నాడు ఊరికే కూచుంటాము. ఈ ఒక్క అమాస నేద్దాం. ఆ పొద్దు కూలి పాపకు ఇద్దాం. సదువు కోసరం నేస్తే చౌడమ్మ ఏమీ అనదులే."

కొందరు గుడి వైపు తిరిగి చెంపలేసుకున్నారు. చివరికి ఒక ముసలమ్మ లేచి, "నా కొడుకు నేస్తాడు" అంది.

ఆ అమావాస్య నాడు నేను పేట ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. ప్రతి ఇంట్లో మగ్గం ఆడుతోంది. గుమ్మాల ముందు తప్పు కాయమని టెంకాయలు కొట్టి ఉన్నాయి. లోపల పని మాత్రం ఆగడం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఓబులేసు గుంటలోంచి తలెత్తి, "లోపలికి రాండి సార్" అని నవ్వాడు. మూడో రోజుకు నాలుగు వేలు దాటింది.

ఆ వారంలోనే దరఖాస్తు ఫారం వచ్చింది. నాగరత్నను పక్కన నిలబెట్టుకుని పూర్తి చేస్తున్నాను. అయిదో వరసలో నా కలం ఆగింది. సెప్టెంబరు ఒకటో తేదీకి విద్యార్థికి పధ్నాలుగేళ్ళు నిండి ఉండకూడదు. ప్రైమరీ స్కూలు నుంచి పాత రిజిస్టర్ తెప్పించి తెరిచాను. గుండ్రటి అక్షరాలు, నావే. ఆ లెక్కన పిల్లకు పధ్నాలుగు నిండి మూడు నెలలయింది. నాగరత్న రిజిస్టర్లోకి చూసింది, నా వైపు చూసింది.

ఆ సాయంత్రమే పోయి వాళ్ళమ్మను అడిగాను, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా.

"ఆ పొద్దే చెప్పబోతి గదా సార్. దసరా అయిన మూడో దినం. చిత్రావతి పారి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చె. పురిట్లో ఉండి చూస్తిని."

పాత పంచాంగం తిరగేస్తే సెప్టెంబరు నెలాఖరు. అంటే పిల్లకు పధ్నాలుగు నిండడానికి ఇంకా దాదాపు నెల ఉంది. నాలుగు నెలలు నేను కలిపాను. ఆ నాలుగు నెలలే అడ్డుపడ్డాయి.

తేదీ దిద్దించడానికి అనంతపురం నాలుగు సార్లు తిరిగాను. పురుడు ఇంట్లో పోశారు కాబట్టి ఏ కాగితమూ లేదు. కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. గడువు పది రోజులు. బ్లేడుతో గీకి తేదీ మారుద్దామని కూడా అనుకున్నాను, దాచడం దేనికి. హెడ్మాస్టరు రిజిస్టర్ బీరువాలో పెట్టి తాళం వేశారు. నాగరత్న బదులు వేరే జిల్లా పిల్లవాడు జపాన్ వెళ్ళాడు.

పేటలో అడిగితే, "వయసు దగ్గర తేడా వచ్చింది" అని చెప్పాను. తనంతట తానే నడిచి వచ్చిందట తేడా! అది ఎవరి కలం లోంచి వచ్చిందో చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. నేను ఊరుకునేసరికి పేట ఇంకో కారణం వెతుక్కుంది. "అమాస నాడు మగ్గం తొక్కితే ఊరికే పోతాదా?" అన్నారు. గుడి ముందు మళ్ళీ కూర్చున్నారు. ఓబులేసు లేచి చేతులు జోడించాడు.

"తప్పు నాదే. నా బిడ్డ కోసరం మీతో అమాస నాడు మగ్గం తొక్కిస్తిని. చౌడమ్మకు శాంతి చేయిస్తా."

ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అది శాంతికీ, పేటంతటికీ అన్నదానానికీ పోయింది. ఆ బంతిలో నేనూ కూర్చున్నాను. రాకపోతే ఎవరైనా ఏమైనా అనుకుంటారని భయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. ఓబులేసే వడ్డించాడు. "ఇంకొంచెం పాయసం ఏస్తా సార్" అన్నాడు. వద్దనలేక తిన్నాను.

బల్బుల చెక్కను నాగరత్న బడికి తెచ్చిచ్చింది. "బడిలోనే పెట్టుకోండి సార్" అంది. పదో తరగతి బాగానే పాసయింది. కాలేజీ మాట ఎత్తితే ఓబులేసు, "ఒగసారి పేటతో తప్పు చేయిస్తిని, చాల్లే సార్" అన్నాడు. అట్టలకు బెజ్జాలు కొట్టే పనిలో కూర్చుందని ఆ తరవాత విన్నాను.

1986లో ప్రైమరీ స్కూలుకే హెడ్మాస్టరుగా తిరిగి వెళ్ళాను. జూన్‌లో ఒకరోజు నాగరత్న కూతుర్ని చేర్చడానికి వచ్చింది. వెంట ఓబులేసు. నాగరత్న వేళ్ళ నిండా పని చేసిన కాయలు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన చీటీ నా బల్ల మీద పెట్టింది. చూస్తే అయిదేళ్ళకు రెండు నెలలు తక్కువ.

ఇంతలో ఆ పిల్ల, ఎవరు నేర్పారో ఏమో, నెత్తి మీదుగా చెయ్యి పోనిచ్చి చెవి పట్టుకుంది. "సార్, చూడు, అందుతాది!"

నాగరత్న ఆ చేతిని మెల్లగా కిందికి దించింది. "అట్ల వద్దు పాపా. రెండు నెలలు తక్కువుండాది. వచ్చే ఏడాది వద్దాం." పిల్ల ఏడుపు లంకించుకుంటే ఎత్తుకుని బయటికి వెళ్ళింది.

ఇక నావల్ల కాలేదు. "ఓబులేసూ, ఆ తేదీ రాసింది నేనే" అన్నాను.

"తెలుసు సార్. పాప ఆ పొద్దే చెప్పినాది. మీ రాత దానికి తెలీదా?"

"మరి తప్పంతా నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావయ్యా?"

"బడి వల్లనే పాపకు చెడిందని తెలిస్తే పేటలో పిల్లోల్ని మాన్పిస్తారు సార్. అమాస మీద ఏస్తే బడికేమీ కాదు గదా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అయినా ఆ పొద్దు బంతిలో మీకు వడ్డిస్తా వడ్డిస్తా మీ మొగమే చూస్తిని. ఇప్పుడన్నా ఒగ మాట చెప్తాడేమో సారు అని. మీరు పాయసం తింటాంటిరి."

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు రిజిస్టర్ తెరిచే ఉంది. ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఎంతమంది కాచుకుని ఉన్నా, తల్లిని కూర్చోబెట్టి అడగకుండా ఒక్క తేదీ కూడా రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. కాలిన చేతులు మాత్రం నావి కావు.