చుక్కలక్క

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ చుక్కలక్కే. ఈసీజీ తీసే ముందు, తీగలు అంటించాల్సిన ఆరు చోట్లా రోగి ఛాతీ మీద నీలం పెన్నుతో చుక్కలు పెడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి తీగలు తారుమారు చేసి, పెద్ద డాక్టరు చేత నలుగురిలో చీవాట్లు తింది. ఆనాడు పట్టిన పెన్ను ఇరవై రెండేళ్లయినా వదల్లేదు. "రెండు నిమిషాల పనికి ఇంత చాదస్తమా అక్కా?" అని నర్సులు ఆటపట్టిస్తే ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఒక ఉదయం ఒక దర్జీని అతని భార్య ఆటోలో తీసుకొచ్చింది. చొక్కా చెమటకు ముద్దయిపోయింది. "గుండెల మీద కుట్టుమిషను పెట్టినట్టుందక్కా" అన్నాడు. ఆమె చుక్కలు పెట్టి కాగితం తీసింది. గీత చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతే గీత ఎలా లేస్తుందో అచ్చం అలాగే లేచింది.

డాక్టరు కోసం కేకేసింది. కుర్ర డాక్టరు పక్క గది నుంచి పరుగున వచ్చేసరికి, ఇంకా ఏ మందూ పడకముందే, దర్జీ లేచి కూర్చున్నాడు.

"నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది సార్! గ్యాసే అయ్యుంటుంది. కొట్టు తెరవాలి, పంపెయ్యండి."

మళ్లీ తీసిన ఈసీజీలో గీత బుద్ధిగా కిందికి దిగింది. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మొదటిసారి తీగలు తప్పుగా పెట్టుంటారక్కా" అంటూ ఇంటికి పంపే చీటీ అందుకున్నాడు.

చుక్కలక్కకు ఒళ్లు మండిపోయింది. దర్జీ చొక్కా పక్కకు లాగింది.

"ఎముకలు లెక్కపెట్టి చూడండి. రెండుసార్లూ ఈ చుక్కల మీదే పెట్టాను. మారింది నా చెయ్యి కాదు డాక్టరుగారూ, లోపలి నాళం. దానంతటదే తెరుచుకుంది. మళ్లీ మూసుకోదని రాసిస్తారా? రాసివ్వండి, నేనే ఆటో ఎక్కిస్తా!"

డాక్టరు వేలితో పక్కటెముకలు తడిమి చూశాడు. ఆరు చుక్కలూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. చీటీ మడిచి జేబులో పెట్టుకుని పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు.

గంటలో దర్జీ మణికట్టు గుండా గుండె దాకా సన్నని గొట్టం పంపి చూశారు. నాళం తెరుచుకునే ఉంది. కానీ అందులో రక్తపు గడ్డ ఇంకా వేలాడుతోంది, దారి దారప్పోగంత సన్నగా ఉంది. అక్కడే స్టెంట్ వేసేశారు.

"ఇతన్ని ఇంటికి పంపి ఉంటే ఏ క్షణమైనా మళ్లీ మూసుకునేది" అన్నాడు పెద్ద డాక్టరు. అప్పట్లో చీవాట్లు పెట్టింది ఆయనే. బయటికొచ్చి, ఈసారీ నలుగురి ముందే, చుక్కలక్కకు రెండు చేతులూ జోడించాడు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది, కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

నాలుగో రోజు ఇంటికెళ్తూ దర్జీ ఈసీజీ గదిలోకి తొంగి చూశాడు. "సుద్దతో గుర్తు పెట్టకుండా నేనూ కత్తెర పట్టనక్కా! మనదంతా ఒకటే చాదస్తం."

ఆమె పకపకా నవ్వింది. అంతలో స్ట్రెచర్ మీద ఇంకో రోగి వచ్చాడు. ఆమె పెన్ను కోసం వెతుక్కుంటుంటే, కుర్ర డాక్టరు తన జేబులోని నీలం పెన్ను తీసి అందించాడు.

"ముందు చుక్కలు పెట్టండక్కా."