నాలుగు బస్సుల దూరం

మొన్న పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న సిటీ బస్సు పక్కనుంచి నడుస్తుంటే ఇంజను వేడి మోకాళ్లకు తగిలింది. డీజిల్ పొగకు అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం సత్తెమ్మగారు గుర్తొచ్చి అక్కడే కాసేపు నిలబడిపోయాను.

ఊరూరి కుర్రాళ్లూ కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటలో దిగుతున్న రోజుల్లో, మెయిన్ రోడ్డు పక్క సందు మొదట్లోనే ఆవిడ హాస్టల్ నడిపేవారు. నేను మేనేజర్ని. నేనూ నా భార్య రాజ్యం కింది గదిలో ఉండేవాళ్లం. నేను ఏడో తరగతితో బడి మానేసి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా చదువుకున్నవాణ్ణి. కొలతంటే నాకు భక్తి. సత్తెమ్మగారికేమో కంటికి కనబడిన వస్తువే కొలత. గది ఎంతుంటుందంటే "మూడు మంచాలు, ఒక బకెట్" అనేవారు. ట్యాంకులో నీళ్లు ఎన్నున్నాయంటే "పది తానాలు". ఒకసారి గది చూడటానికొచ్చిన కుర్రాడు, పక్క మంచం అబ్బాయి గురక పెడతాడా అని అడిగాడు.

"అర మిక్సీ. ఫికర్ చెయ్యకు," అన్నారావిడ.

నాకు ఒళ్లు మండింది. "సత్తెమ్మగారూ, ప్రపంచమంతా ఒప్పుకున్న కొలతలుండగా ఈ మిక్సీలేంటండీ?"

"ప్రపంచం వచ్చి ఆ మంచం మీద పండుకుంటదా అన్నా? పండుకునేది గీ పిలగాడు. ఆనికి సమజైతే సాలు."

కుర్రాడు ఆ సాయంత్రమే పెట్టె తెచ్చుకున్నాడు. నా మంట మాత్రం చల్లారలేదు.

ఆ ఏడే రాజ్యం స్నానాల గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. రోజూ యాభై మీటర్లయినా నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, ఇక మంచమే గతని డాక్టర్ చెప్పాడు. నేను గుమ్మం నుంచి టేపు పట్టి కొలిచి, యాభయ్యో మీటరు దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. మీటరు ఎలా పుట్టిందో కూడా వివరించాను. రాజ్యం గుమ్మం దాకా వచ్చి, ఆ గీతవైపు చూసి, వెనక్కి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. "నావల్ల కాదండీ," అంది. బతిమాలాను, కసిరాను. రోజులు గడిచిపోతున్నాయి. ఆ కాలు చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఒక సాయంత్రం సత్తెమ్మగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. "వదినె, లే. నాలుగు బస్సులు దాటొద్దాం."

"బస్సుల్ని నేను దాటడమేంటి సత్తెమ్మా?"

"పంజాగుట్ట దిక్కు జామైంది. ఒక్కటి కదుల్తలేదు. ఆగిన బస్సును సుత దాటలేవా?"

రాజ్యం నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు. ఒక చేత కర్ర, ఒక చెయ్యి సత్తెమ్మగారి భుజం మీద. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నేను వెనకాలే. ఒక బస్సు దాటింది. రెండోది, మూడోది. నాలుగోదాని మధ్యకు వచ్చేసరికి సిగ్నల్ వదిలారు, బస్సు ముందుకు జరిగిపోయింది. నేను గబగబా కుర్చీ వేశాను. "ఇక కూర్చో. అయిపోయింది."

"ఎక్కడయిందండీ? నా బస్సు అక్కడుంది," అని రాజ్యం మళ్లీ కదిలింది. బస్సు కొంతదూరం పోయి ఆగింది. తను దాన్ని అందుకుంది. కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, "ఎక్కుతరా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ, దాటుతున్నాను," అంది రాజ్యం.

బస్సు ముందు అద్దం దాటాక కుర్చీలో కూలబడి ఏడ్చింది. సత్తెమ్మగారు కొంగుతో రాజ్యం మొహం తుడుస్తూ, "రేపు లారీలు సుత కలుపుదాం," అన్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నిద్రలేచి చూస్తే రాజ్యం గదిలో లేదు. కంగారుగా రోడ్డు మీదికి పరిగెత్తాను. కర్ర పోటేసుకుంటూ ఎదురొచ్చింది.

"ఒక్కదానివే ఎంత దూరం వెళ్లావు?" అని గద్దించాను.

"కొత్తిమీర దొరికేంత దూరం," అంది, చేతిలో కట్ట చూపిస్తూ.

సత్తెమ్మగారు ఇప్పుడు లేరు. దారిలో ఎవరైనా ఆపి ఫలానా చోటు ఎంత దూరమని అడిగితే, అంకె నా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఏం పని మీద వెళుతున్నారని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీండి.