రష్యాలో దుర్యోధనుడు

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో చెంగల్రాయుడి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. దుర్యోధనుడి ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకొని తీసుకెళ్లేవారు. మనిషి మామిడి తోటల్లో కూలీ. కాయలు కోసేవాడు, లారీలకు ఎత్తేవాడు. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు గానీ, భారతంలో ఎక్కడ పట్టుకొని అడిగినా పద్యం తడుముకోకుండా వచ్చేది. అతను దుర్యోధనుడి వేషం కట్టే వీధినాటకం మేళంలోనే నేను హార్మోనియం వాయించేవాణ్ణి. నా పేరు జయరావు. ఆదివారం ఉదయం మా గుడిలో క్రీస్తు కీర్తనలు, ఆ సాయంత్రం నుంచి భారతం మిట్ట మీద పాండవుల పద్యాలు. మా పాస్టరుగారికి ఇది నచ్చేది కాదు. ఆయనకు నచ్చనివి ఇంకా చాలా ఉండేవి, నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

మా వైపు ఎండాకాలంలో భారతం జరిపిస్తారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. మట్టితో దుర్యోధనుడి పెద్ద బొమ్మను నేలమీద పడుకున్నట్టు చేస్తారు. దాని చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టుకొని తిరుగుతారు. తొడమీద దెబ్బ పడగానే చెంగల్రాయుడు ఆ బొమ్మ పక్కనే కూలిపోయి కళ్లు మూసేవాడు. అక్కడితో కథ అయిపోదు. గాంధారి రావాలి. కొడుకు తల ఒళ్లో పెట్టుకొని శోకం పాడాలి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు గొంతు కలిపి ఏడవాలి. ఏడుపు ముగిశాక పసుపునీళ్లు చల్లితే, అప్పుడు దుర్యోధనుడు లేచి మళ్లీ చెంగల్రాయుడు అవుతాడు. బతికినన్నాళ్లూ వాడు ఎంత చెడ్డవాడైనా కానీ, చచ్చాక ఒక తల్లి కొడుకే. ఏడ్చేవాళ్లు లేకపోతే ఆ చావు వేషం కట్టినవాడి వెంట ఇంటికి వస్తుందని మా పల్లెల్లో గట్టి నమ్మకం.

చెంగల్రాయుడి నాయన కుప్పయ్య కూడా దుర్యోధనుడే. ఒక ఏడు గాంధారి శోకం మొదలయ్యీ కాకముందే పెద్ద వాన వచ్చి జనం చెల్లాచెదురైపోయారు. కుప్పయ్య తనంతట తానే లేచి, తడుస్తూ ఇంటికి నడిచాడు. దీపావళి లోపల పోయాడు. క్షయ అని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట నేను ఒక్కణ్ణే నమ్మాను, మిగిలిన ఊరు ఊరంతా వాననే తిట్టుకుంది.

ఇక ఎనభై ఏడో సంవత్సరం సంగతి. రష్యాలో భారత ఉత్సవం జరుగుతోందనీ, పల్లె కళాకారులను కూడా తీసుకెళతారనీ కబురొచ్చింది. తిరుపతిలో ఒక కల్యాణమండపంలో మేళాలను చూశారు. చూడవచ్చిన మేడమ్ హైదరాబాదులో పుట్టి ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మనిషి. మర్యాదస్తురాలు, మమ్మల్నందరినీ ‘మీరు’ అనే పిలిచింది. మేము పాడుతుంటే చేతి గడియారం చూసుకుంటూ, ఇది మొత్తం ఎంతసేపు అని అడిగింది. పద్దెనిమిది రోజులమ్మా అన్నాం. ఆమె నవ్వి, పావుగంట చాలు అంది.

పావుగంటలో ఏముంటుంది? కిరీటాలు, భుజకీర్తులు, గదాయుద్ధం. చూడ్డానికి బాగుండేవన్నీ ఉంచి గాంధారిని తీసేసింది. గాంధారి వేషం కట్టే మునిరామయ్య చెంగల్రాయుడికి బావమరిది. అంతదాకా తాంబూలం నములుతూ కూర్చున్నవాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. చెంగల్రాయుడు చేతులు కట్టుకొని నిలబడి, “అమ్మా, ఏడుపు లేకుండా నేను పడగూడదు,” అన్నాడు.

మేడమ్ కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పింది. “చూడండి, ఇతర దేశాలవాళ్లు మనల్ని ఎప్పుడూ ఏడుపుతోనే చూశారు. కరువు, వరదలు, చేయి చాచిన పిల్లలు. ఒక దేశం సైన్యాన్ని చూపించి భయపెట్టొచ్చు, గోధుమలు పంపి లొంగదీయొచ్చు. మనకు రెండూ లేవు. మన ఆట, మన పాట చూసి వాళ్లు మనల్ని ఇష్టపడాలి. ఇది స్నేహం కోసం చేసే పండగ. అందరూ నవ్వుతూ చేతులు ఊపుతుండగా ముగియాలి.” ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. నాకైతే నిజమేననిపించింది కూడా. చెంగల్రాయుడు అయిష్టంగానే తలూపాడు.

అతని భార్య మునిలక్ష్మి ఈ సంగతి విన్న రోజు పొయ్యి వెలిగించలేదు. వెళ్లొద్దని మాత్రం అనలేదు. దేశం పిలిస్తే వద్దనడానికి తనెవరు అనుకుందో ఏమో. “ఆడ పడితే నీకోసం ఎవురు ఏడుస్తారు?” అని ఒక్క మాటే అడిగింది. మునిరామయ్య ఈడ నుంచే ఏడుస్తానన్నాడు. “మా మామకు ఊళ్లోనే ఏడుపు అందలేదు. సముద్రాలు దాటి యాడ అందుతాదిన్నా?” అంది. చివరికి మొగుడి చేత ప్రమాణం చేయించుకుంది. పడినట్టు పడాలి గానీ వీపు నేలకు ఆనకూడదు, కళ్లు మూయకూడదు.

అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. మాస్కోలో ఒక పార్కులో ఆడాం, ఇంకో ఊళ్లో ఆడాం. రెండుచోట్లా భీముడి గద తగలగానే చెంగల్రాయుడు ఒక మోకాలి మీద కూలబడి, గుడ్లు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాడు. వెంటనే నేను హుషారైన పాట ఎత్తుకోవాలి, అందరూ లేచి చేతులు ఊపాలి. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లు దేనికైనా కొట్టేలా ఉన్నారు పాపం, అంత ప్రేమ మనమంటే. మేడమ్ మాత్రం తెర వెనక్కి వచ్చి, “ఇంతకీ ఈయన చచ్చాడా, బతికాడా?” అంది. మూడో ఊళ్లో కూడా ఇలాగే చేస్తే ఈ అంశం తీసేస్తానంది.

ఆ మూడో ఊరు మాస్కో నుంచి రైల్లో చాలా దూరం. అక్కడ ఒక ఫ్యాక్టరీ కార్మికుల హాల్లో ప్రదర్శన. పగటి ఆట, హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పెద్ద అధికారులు, వెనక తలకు రుమాళ్లు కట్టుకున్న ముసలమ్మలు. మాకు దుబాసీగా వచ్చిన రష్యా పిల్ల తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. “అయ్యా, తమరు ఉపవిష్టులు కండి,” అనేది, మాకు నవ్వు ఆగేది కాదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. చెంగల్రాయుడు అద్దం ముందు మొహానికి రంగు వేసుకుంటున్నాడు.

“జయరావన్నా, మోకాలి మీద పడే దుర్యోధనుణ్ణి మా నాయన సూసుంటే నా మొగాన ఉమ్మేసుండేవోడు,” అన్నాడు ఉన్నట్టుండి.

“మునిలక్ష్మికి మాటిచ్చినావు కదప్పా!” అన్నాను.

“ఇచ్చినా. కానీ ఈ జనం మనల్ని నమ్ముకోని కూర్చోనుండారు. మన దేశం పేరు సెప్పి వీళ్ల ముందర దొంగసావు ఎట్ల సచ్చేదన్నా?”

నేను ఏసును నమ్ముకున్నవాణ్ణి, ఇలాంటి భయాలు నాకు లేవని ఊళ్లో గొప్పలు చెప్పేవాణ్ణి. ఆ మాట విన్నాక మాత్రం నాకూ భయమేసింది. అతను కిరీటం పెట్టుకొని లేచాడు.

ఆ రోజు ఆడినట్టు అతను మా భారతం మిట్ట మీద కూడా ఎప్పుడూ ఆడలేదు. భీముడు కట్టిన దేవరాజులే వెనక్కి తగ్గాడు. తొడమీద దెబ్బ పడింది. చెంగల్రాయుడు నిలువునా వెల్లకిలా పడ్డాడు. వీపు నేలకు ఆనింది. కళ్లు మూసుకున్నాడు.

హుషారు పాట ఎత్తుకోమని మేడమ్ పక్కనుంచి చెయ్యి ఊపింది. నా వేళ్లు లేవలేదు. ఉత్త శ్రుతి మాత్రం పట్టుకొని కూర్చున్నాను. హాల్లో గాలి కూడా కదలడం లేదు. ఎవరైనా ఏడవండయ్యా, ఎవరైనా ఒక్కరు ఏడవండి అని లోపల మొత్తుకుంటున్నాను. నేనే ఏడుద్దామనుకున్నాను గానీ నాకు భయం తప్ప ఏడుపు రాలేదు.

అప్పుడు వెనక వరసలో ఒక ముసలమ్మ లేచింది. ఎనభై దాటి ఉంటాయి. కర్ర పొడుచుకుంటూ నడవ మధ్యలోంచి వచ్చి, వేదిక మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. ఆటగాళ్లకు ఇవ్వడానికి తెచ్చుకున్న పువ్వులు చేతిలో ఉన్నాయి. ఎవరూ ఆపలేదు. చెంగల్రాయుడి పక్కన కూలబడి అతని మొహంలోకి చూసింది. ఆ పువ్వుల్లోంచి రెండు తీసి అతని గుండెల మీద పెట్టింది. తర్వాత గొంతెత్తింది.

నేను చాలా చావులకు వెళ్లినవాణ్ణి. అది నటన కాదు, పాట అని కూడా అనలేను. మా ఆడవాళ్లలాగే ఎవరినో పిలుస్తూ, ఊగుతూ, మధ్యలో ఊపిరి అందక ఆగుతూ ఏడ్చింది. వెనక వరసల్లో మిగతా ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు, వాళ్ల గొంతులూ కలిశాయి. మద్దెల వాయించే ఓబయ్య చెయ్యి తనంతట తానే శోకం దరువులోకి వెళ్లింది. చెంగల్రాయుడు కదల్లేదు. ఏడుపు ముగిసేదాకా లేవకూడదని అతనికి తెలుసు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల మీదుగా కారుతున్నాయి.

ఆమె ఆగాక అతను లేచి ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులతో అతని తల నిమిరి ఏదో అంది. దుబాసీ పిల్ల పుస్తకాల తెలుగు మర్చిపోయి ముక్కలుముక్కలుగా చెప్పింది. జర్మనీవాళ్లతో యుద్ధంలో ఆమె ముగ్గురు కొడుకులూ పోయారు. ముగ్గురికీ కాగితాలొచ్చాయి గానీ శవాలు రాలేదు. ఒళ్లో పెట్టుకొని ఏడవడానికి ఆమెకు ఇంతవరకూ ఒక్కరూ దొరకలేదు. బతికున్నవాళ్లకు పువ్వులు బేసి లెక్కన ఇస్తారట వాళ్లు. చనిపోయినవాళ్లకు సరి లెక్కన పెడతారట.

ఆ రోజు చేతులు ఊపడం జరగలేదు. జనం చప్పట్లు కూడా కొట్టకుండా, మా దగ్గరికి వచ్చి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకొని వెళ్లారు. మేడమ్ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. కానీ మర్నాడు మా అంశం తీసేశారు. తర్వాతి కార్యక్రమం ఆలస్యమైందనీ, పెద్దవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చిందనీ కారణం చెప్పారు. మిగిలిన రోజులన్నీ మేము వేషాలు కట్టుకొని ఊరేగింపుల్లో నవ్వుతూ నడిచాం. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. స్నేహం కోసమే మమ్మల్ని అంత దూరం తీసుకెళ్లారు కదా, అది కళ్లముందు కనబడితే గుర్తుపట్టలేకపోయారు.

తిరిగొచ్చినప్పుడు బంగారుపాళ్యం బస్టాండులో మునిలక్ష్మి, మునిరామయ్య కాచుకొని ఉన్నారు. ఆమె మొగుడి మొహం చూడగానే గ్రహించింది.

“పడినావా?”

“పడినా,” అన్నాడు తల దించుకొని.

చెంగల్రాయుడు నావైపు చూశాడు. జరిగింది నేను చెప్పాను. ముసలమ్మ వచ్చింది, పువ్వులు పెట్టింది, ముగ్గురు కొడుకులు అని చెప్పి ముగించాను. మునిలక్ష్మి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇక గండం గడిచిందని నవ్వుతుందనుకున్నాను.

“ఆయమ్మ పేరేంది?” అంది.

“తెలీదమ్మా,” అన్నాను.

“కొడుకుల పేర్లు?”

“అడగలేదమ్మా.”

“ఏం మనుషులన్నా మీరు! మనింటి సావుకు వచ్చి ఏడ్సిన మనిషి. ఆయమ్మింట్లో ముగ్గురు పోయినారంటే, పలకరించకుండా వచ్చేస్తారా యాడన్నా?”

“ఆ యుద్ధం అయిపోయి నలభై యేండ్ల పైన అయింది తల్లీ. నువ్వు పుట్టనే లేదు,” అన్నాను.

“అయితే? పలకరింపుకు గడువుంటాదా?”

ఆమె మా మూటలు కూడా విప్పనివ్వలేదు. ఇంటికి రాగానే వీధి తిన్నె మీద కూర్చొని, ఇరుగుపొరుగున ఉన్న నాగులమ్మనూ సిద్ధమ్మనూ పిలిచి సంగతి చెప్పింది. వాళ్లు ఎందుకు, ఏమిటి అని అడగలేదు. కొంగులు తలమీదికి లాక్కొని పక్కన కూర్చున్నారు. వాళ్లను చూసి ఇంకా కొందరు వచ్చారు. మునిరామయ్య వేషం లేకుండానే, భుజాన తుండుగుడ్డతో వచ్చి గాంధారి శోకం ఎత్తుకున్నాడు. పేరు పెట్టి పిలవాల్సిన చోట ఆగి చెల్లెలివైపు చూశాడు. పేర్లు తెలియవు కాబట్టి ఆడవాళ్లు పెద్దోడా, నడిపోడా, చిన్నోడా అని పిలిచి, ముగ్గురికీ విడివిడిగా ఏడ్చారు.