అరుపులకు పేర్లు పెట్టే స్వప్న

లండన్‌లో ఎవరో ఆవిడ వంటింట్లో గొంతెత్తితే, అది కోపమో భయమో ఇబ్రహీంపట్నంలో కూర్చున్న మా స్వప్న చెప్పేస్తుంది. పక్కగదిలో ఉన్న ఆవిడ మొగుడు కూడా చెప్పలేడు. నాలా ఇంటర్ మధ్యలో వదిలేసినవాడి మాట మీరు నమ్మరు. కానీ ఆమె ఉద్యోగమే అది.

మంచాల రోడ్డులో నా మొబైల్ రిపేరు దుకాణం. పైన ఒంటిగదిలో స్వప్న అద్దెకుంటుంది. పొద్దున తొమ్మిదింటికి హెడ్‌ఫోన్స్ తగిలిస్తే చీకటి పడేదాకా తియ్యదు. ఎక్కడెక్కడి వాళ్ల గొంతులు చిన్నచిన్న ముక్కలుగా ఆమె కంప్యూటర్‌లోకి వస్తాయి. ఒక్కోదానికి పేరు నొక్కాలి: మామూలు మాట, షౌట్, యెల్, స్క్రీమ్. యంత్రాలకు మనుషుల గొంతులు నేర్పడానికట. రోజుకు ఆరువందల అరుపులు వినే ఆ పిల్లతో ఎదురుగా నిలబడి మాట్లాడేవాణ్ని నేనొక్కణ్నే. అదీ “అన్నా, కరెంట్ ఎప్పుడొస్తది?” అన్నంత వరకే.

పోయిన వానాకాలం ఆమె మెట్లు దిగి నా దుకాణంలోకి వచ్చింది. తప్పులు ఎక్కువయ్యాయట. శనివారం మళ్లీ పరీక్ష. అందులో పోతే పని పోతుంది, పనితోపాటు గదీ పోతుంది. వెళ్లడానికి ఇంకో గడప లేదు.

కంపెనీవాళ్లు తప్పన్న ముక్క ఒకటి పెట్టి నాకు వినిపించింది. ఎవరో ముసలాయన గొంతు. నా దుకాణంలో అద్దాలు అదిరాయి. స్వప్న దానికి ‘మామూలు మాట’ అని నొక్కింది.

“గిది మామూలు మాటనా? చెవుల తుప్పు వదిలింది గదా!”

“మా బాపు ఉప్పు అడిగినా గిట్లనే అడుగుతుండె.”

వాళ్ల బాపు ముత్యాలు కంకర మిషన్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన నీళ్లడిగితే అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఎవరో చెంబు పట్టుకుని లేచేవారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇద్దరిదీ అదే గొంతు. రెండేళ్ల కింద ఆయన పోయాడు.

కంపెనీ ఇచ్చిన కాగితాన్ని ఫోన్ సాయంతో నేనే విప్పి చెప్పాను. వాళ్ల లెక్కలో యెల్ అంటే కోపంతోనో సంబరంతోనో ఎగిసే గొంతు. స్క్రీమ్‌లో మాటలుండనక్కర్లేదు, భయం, నొప్పి ఉంటే చాలు. షౌట్ మాత్రం అవతలివాళ్లకు అందాలని గట్టిగా అనేది.

“చదివితే రాదు, గొంతుల పెట్టి చూడాలె,” అన్నాను, పెద్ద పండితుడిలా.

శుక్రవారం సాయంత్రం స్కూటర్ మీద మంచాల దాటి ఒక బీడు దగ్గర ఆమెను దింపాను. నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఆమె చాలా దూరం నడిచింది.

యెల్ వెంటనే వచ్చింది. పరీక్ష పెట్టినవాళ్ల ఏడు తరాలనూ తిట్టింది. స్క్రీమ్‌కు నేను స్కూటర్‌ను కింద పడేశాను. షౌట్ దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి, చేతులు నోటికి అటూ ఇటూ పెట్టుకుని అడిగింది:

“అన్నా, గీదానికి అవతల మనిషి ఉండాలె గదా?”

“నేను లేనా? నన్ను పిలువరాదు!”

ఆమె మళ్లీ బీడువైపే తిరిగింది. ఇంకాసేపటికి ఒక గొంతు గాలికి కొట్టుకొచ్చింది.

శనివారం గట్టెక్కింది. ముసలాయన గొంతు పరీక్షలో మళ్లీ వచ్చిందట. రెండుసార్లు విని, ‘షౌట్’ నొక్కింది. పని నిలబడింది. సోమవారం తొమ్మిదింటికి మళ్లీ హెడ్‌ఫోన్స్ తగిలించింది.

ఆ శుక్రవారం బీడులో స్వప్న “ఎల్లేశన్నా!” అని నన్ను పిలిచిన కేకకు మన్నెగూడలో బస్సులు ఆగిపోయాయని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాను. ఇక్కడిదాకా రాసి ఆమెకు చదివి వినిపించాను. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి అంది:

“బస్సులేం ఆగలే. నీ పేరు పిలువలే నేను. ‘ఓ’ అని ఒర్రిన, గంతే. ఎవలని పిలువాల్నో తెల్వలే.”