రీస్టార్ట్ కొట్టని రోజు

కంగారు పుడితే మండీ కంప్యూటర్లు చూసే సుహాసిని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. కల్లూరు ఉల్లి మండీలో వేలం నడిపే సర్వర్ మెమరీ కొన్నాళ్లుగా మధ్యాహ్నానికల్లా నిండిపోతోంది. ఆమె రీస్టార్ట్ కొట్టగానే అంతా సర్దుకుంటుంది, కారణం మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఇవాళ కొట్టలేదు.

"వేలం నత్త మాదిరి నడుస్తాండాది. రీస్టార్ట్ కొట్టమ్మా," అన్నాడు వేలంలో తానూ ఉల్లి కొనే యజమాని శేషిరెడ్డి, తలుపు పట్టుకుని.

"కొడితే దొంగ మళ్లా తప్పించుకుంటాడు సార్."

ఆమె కళ్లు తెర మీద, ఎంత మెమరీ నిండిందో చూపే అంకెను వదల్లేదు. కిటికీ అవతల ఒక రైతు ధర విని, తలగుడ్డ దులిపి, "నేనమ్మను పోప్పా," అన్నాడు. గుమాస్తా అతని ఉల్లి కుప్పను, ఆ లాటును, వేలంలోంచి రద్దు చేశాడు. అంకె పెరిగింది. ఇంకొకడూ అమ్మనన్నాడు. మళ్లీ పెరిగింది. అమ్ముడైన లాటుకు తెరిచిన డేటాబేస్ కనెక్షన్ మూసుకుంటోంది. రద్దయినదాని కనెక్షన్ తెరిచే ఉండి మెమరీని తింటోంది.

సుహాసిని చేతులు బయటికి తీసింది.

"మీరు మంచి ధర ఇచ్చినన్నాళ్లూ రద్దులే లేవు, ఇది ఒక్కసారీ ఆగలేదు సార్. గుర్తుండాదా?"

శేషిరెడ్డి తలుపు వదిలి కిటికీ వైపు చూశాడు.