మండీలో మూడో స్తంభం

నలభై ఎనిమిదేళ్ల వయసులో, మా అమ్మాయి హాస్టలుకు వెళ్తూ వదిలేసిన పెన్సిళ్లు పట్టుకుని, చిత్తూరులో డ్రాయింగ్ క్లాసులో చేరాను. మిగతావాళ్లంతా కాలేజీ పిల్లలు. సారు నన్ను చూసి, "ముగ్గుల క్లాసు పక్క వీధిలో ఉండాది మేడమ్" అన్నాడు.

"ముగ్గులు నాకొచ్చు సార్. రానిది నేర్సుకుందామనే వచ్చినా" అన్నాను.

మొదటి నెలంతా పెట్టెలే గీశాను. దూరమయ్యే కొద్దీ వస్తువులు చిన్నవవుతాయని, వెనక్కి పోయే గీతలన్నీ కంటి ఎత్తులో ఒక్క చుక్క దగ్గర కలుస్తాయని సారు చెప్పాడు. మాట అర్థమైంది కానీ చెయ్యి వినలేదు. దూరంగా ఉన్న తలుపూ దగ్గరున్న తలుపంతే ఉంటుందని నాకు తెలుసు. తెలిసిందే గీసేదాన్ని, కనిపించింది కాదు. చెరిపీ చెరిపీ కాగితం చిరిగేది.

చివరికి మా మామిడికాయల మండీకి వెళ్లాను. కాయల కాలం కాదు, షెడ్డు ఖాళీ. ఒక పెట్టె బోర్లించి కూర్చుని, చెయ్యి చాచి పెన్సిల్ నిలబెట్టి, ఒక కన్ను మూసి స్తంభాలు కొలవసాగాను. పని లేక కూర్చున్న హమాలీలు నవ్వారు. మండీ చూసుకునే మా మరిది పరుగున వచ్చాడు.

"ఏం పని వదినా ఇది? అందరూ సూస్తా ఉండారు. ఇంటికి పో."

"సూడనీలే అబ్బా. నేనూ వాళ్లనే సూస్తా ఉండా."

లేవలేదు. వరుసగా నాలుగు రోజులు వెళ్లాను. నాలుగో రోజు ఎవరూ నవ్వలేదు.

క్లాసులో నా మండీ బొమ్మ మీద సారు స్కేలు పెట్టాడు. "మూడో స్తంభం తప్పు. నిలువు గీత నిలువుగానే ఉండాల. సెరిపెయ్యండి."

"అది వంగే ఉండాది సార్. లారీ గుద్దింది."

"తప్పు గీసినోళ్లంతా ఇట్లనే సెప్తారు" అని రబ్బరు నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని బల్ల మీద పెట్టేశాను. పిల్లలు గీయడం ఆపి చూస్తున్నారు. అయినా అన్నాను: "మీరొచ్చి సూసి తప్పంటే, అప్పుడు సెరుపుతా."

మర్నాడు పొద్దున సారు నిజంగానే వచ్చాడు. నేను కూర్చున్న చోటే కూర్చుని, పెన్సిల్ నిలబెట్టి చాలాసేపు చూశాడు. "వంగుండాది" అన్నాడు. అంతే. పొరపాటైందని అనలేదు, నేనూ అడగలేదు. ఆ వారమే బొమ్మను క్లాసు గోడకు పెట్టించాడు.

ఇప్పుడు ఆదివారాలు బస్సెక్కి తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు గీస్తున్నాను. పైకెక్కే మెట్ల గీతలు కంటి ఎత్తుకు పైన ఇంకెక్కడో కలవాలి. ఇంకా కుదరడం లేదు. బయల్దేరేటప్పుడు ఇంట్లో చెప్పి వెళ్తున్నాను, అడిగి కాదు.